ఎద్దు కొమ్ముల రంగు నుంచి పూడి కర్మాగారం దాకా

అనకాపల్లి: రాంబిల్లి మండలం పూడిలోని ఏషియన్ పెయింట్స్ కర్మాగారంలో 2019 జనవరిలో ఉత్పత్తి ప్రారంభమైంది. తొలిదశ సామర్థ్యమే ఏడాదికి 3 లక్షల కిలోలీటర్లు. ఇంతటి సంస్థకు పునాది వేసినవి మాత్రం పల్లెల్లో అమ్ముడైన చిన్న డబ్బాలే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో రంగుల దిగుమతులపై ఆంక్షలుండగా, 1942లో బొంబాయిలో నలుగురు మిత్రులు దీనిని స్థాపించారు. నగరాల్లోని పెద్ద పంపిణీదారులు పేరున్న కంపెనీల సరకునే ఆదరించేవారు. కొత్తవారికి చోటు దక్కలేదు. దాంతో వీరు గ్రామాల్లోని దుకాణాలను ఆశ్రయించారు. మన ఏరువాక పున్నమి మాదిరిగానే మహారాష్ట్ర రైతులు పోలా పండుగకు ఎద్దుల కొమ్ములకు రంగులద్దుతారు. జత కొమ్ములకు గ్యాలను రంగు ఎందుకు? అందుకే కొద్దిపాటి రంగు పట్టే డబ్బాలు తయారుచేశారు. పెద్ద కంపెనీలు చిన్నచూపు చూసిన గిరాకీ ఇది.

1954లో ఆర్.కె.లక్ష్మణ్ గీసిన, కుంచె పట్టిన అల్లరి పిల్లవాడు 'గట్టు' చదువురాని కొనుగోలుదారులకు సైతం ఆనవాలయ్యాడు. 1967 నాటికి సంస్థ దేశంలో అగ్రస్థానానికి చేరింది. మారుమూల దుకాణానికి ఏ రంగు ఎప్పుడు అవసరమో అంచనా వేయడం సామాన్యమైన పని కాదు. అందుకోసం 1970 దశకారంభంలోనే కంప్యూటర్‌ను వినియోగించింది. పూడికి చాలాముందే, 1985లో, అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరులో కర్మాగారం నెలకొల్పింది.