తుంటి కీలు – చేతిఫోను

మానవశరీరమునందలి కీళ్ళలో తుంటి కీలు మిక్కిలి చిత్రమైనది. కటివలయమునందు గిన్నెవంటి గుంట యొకటి కలదు. తొడయెముక తల బంతివలె ఆ గిన్నెలో అమరి యన్ని దిక్కులకును తిరుగుచుండును. మనము నడచినను, బాసిపట్టు వేసికొని కూర్చున్నను, ఆ బంతికిని గిన్నెకును గల పొందికయే ఆధారము. పొందిక చెడనంతకాలము దాని ఉనికియే మనకు తెలియదు.

మా అక్కగారికి అది అరువదియెనిమిదవ యేట తెలిసివచ్చినది. కీలు అరిగిపోయి, వంటింటినుండి వసారాకు నడచుటయే గగనమైనది. ఒక వైద్యశాలలో కృత్రిమమైన కీలు అమర్చిరి. ఆరు వారములు గడచినవి. ఒకనాటి సాయంకాలము ఆమె ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చుండి, క్రింద పడిన కళ్ళజోడుకై వంగగా, కీలు గిన్నెనుండి జారిపోయినది. ఆనాటి యామె కేకను నే నిప్పటికిని మరువలేదు. మత్తిచ్చి కీలును స్వస్థానమున చేర్చిరి గాని, నెల తిరుగకుండనే మరల జారెను. “జాగ్రత్తగా ఉండమని చెప్పాం గదా” యని వారు దోషమును ఆమెపైననే మోపిరి.

నావద్ద చదివిన శిష్యు డొకడు నేడు ఎముకల వైద్యుడు. అతడు ఎక్స్‌రే చిత్రములను చాలసేపు చూచి, “మాస్టారూ, అక్కగారి తప్పేం లేదండీ. గిన్నె ముందుకు తిరగవలసినంత తిరగలేదు. అందుకే వంగితే జారుతోంది” అనెను. అక్క కన్నీరు పెట్టుకొన్నది. నొప్పికంటె ఆ నిందయే ఆమెను ఎక్కువగా బాధించినదని నా కప్పుడు తెలిసినది.

ఈ చికిత్సకు నేటి రూపము నిచ్చినవాడు ఆంగ్లేయ వైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ. రైటింగ్‌టన్ వైద్యశాలలో ఆయన మొదట టెఫ్లాను గిన్నెలను వాడెను. అవి త్వరగా అరిగిపోయినవి. 1962లో లోహపు బంతికి పాలిథిలీను గిన్నెను జతచేయగా అది నిలిచినది. కాని గిన్నె మంచిదైనంత మాత్రమున చాలదు. సరియైన కోణమున కూర్చుండవలెను. 1978లో లూయినెక్ అను వైద్యుడును ఆయన సహచరులును దాని కొక మేర చెప్పిరి: గిన్నె వాలు 30 మొదలు 50 డిగ్రీలు, ముందునకు తిరిగియుండుట 5 మొదలు 25 డిగ్రీలు.

ఈ డిగ్రీలను కొలుచు టెట్లు? రోగిని ప్రక్కకు పరుండబెట్టి వస్త్రములు కప్పుదురు. గిన్నెను బిగించు పనిముట్టు పిడిని పట్టుకొని వైద్యుడు కంటితోనే వాలును అంచనా వేయుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. కంప్యూటరు యంత్రములును, రోబోలును వచ్చినవి గాని, అవి చాల ఖరీదైనవి. 2012లో ఒక వైద్యపత్రిక స్మార్ట్‌ఫోను నీ పనికి వినియోగించు విధానమును ప్రకటించినది.

నా శిష్యుడు ఆ సంగతి మా యింటనే చూపెను. నా బల్లపైనున్న శబ్దరత్నాకరమును ఏటవాలుగా నిలిపి, “ఎంత వాలుందంటారు మాస్టారూ?” అని యడిగెను. ముప్పది డిగ్రీలుండు నంటిని. ఫోనును దానిపై ఆనించి చూపెను: 41! మనసు చివుక్కుమన్నది. గోడ కట్టు మేస్త్రీకి తూకపు గుండు ఎట్టిదో, ఫోనులోని యాక్సిలరోమీటరు అట్టిది. అది భూమ్యాకర్షణ దిక్కును గుర్తించి వాలును లెక్కగట్టును. ఫోనును క్రిమిరహితమైన సంచిలో నుంచి, పనిముట్టు పిడికి సమాంతరముగా ఆనించినచో, పిడి నేలతో చేయు కోణము వెంటనే కనబడును.

అయినను దీనికి హద్దులు కలవు. నిలువుటిరుసు చుట్టును తిరిగిన తిరుగుడును తూకపు గుండు చెప్పజాలదు. దానికి గైరోస్కోపువంటి వేరొక సాధనము కావలెను. దిక్సూచిని నమ్ముకొందమన్న చుట్టునున్న ఇనుము దానిని దారి తప్పించును. వీనికి మించిన చిక్కు మరొకటి: ఫోను కొలుచునది నేలతో కోణమే గాని కటివలయముతో కోణము కాదు. బల్లపై రోగి నడుము కొంచెము ఒరిగిన లెక్కయంతయు ఒరుగును. చెప్పిన మేరలోనే గిన్నె యున్నను కీలు జారినవారు పెక్కురు కలరనియు, వెన్నెముక బిగువునుగూడ గణింపవలెననియు తరువాతి వైద్యులు గ్రహించిరి.

రెండవ శస్త్రచికిత్సను ఆ శిష్యుడే చేసెను. ముందుగా రోగిని సరిగా పరుండబెట్టుటకే చాల సమయము తీసికొనెనట. ఫోను చూపిన అంకెను తన కంటి అంచనాతో పోల్చి, రెండును కలియనప్పుడు ఆగి మరల చూచెనట. “ఫోను నాకు చెప్పేది జవాబు కాదు మాస్టారూ, ఇంకోసారి చూసుకోమనే మాట” అనెను.

ముప్పదియేండ్లుగా పద్యపాఠము చెప్పుచున్నాను. చెవికి బాగున్నదని విద్యార్థి వదలివేసిన పాదమున, గణవిభజన చేయగా యతి తప్పుట పలుమారు చూచితిని. చెవి యక్కరలేదని కాదు. లెక్క చెవికి తోడుగా నిలువవలెనని. పద్యమున యతి తప్పిన మార్కులు పోవును. అక్కడ కోణము తప్పిన ఒక ముదుసలి మరల బల్ల ఎక్కవలసి వచ్చును, పైగా నింద మోయవలసి వచ్చును.

రెండేండ్లు గడచినవి. అక్క ఇంకను నేలపై కూర్చుండదు. కాని యిప్పుడు కళ్ళజోడు క్రింద పడిన, నన్ను పిలువక, చేతికఱ్ఱ ఆనుకొని తానే తీసికొనుచున్నది.