మక్వారీ దీవి: పిల్లులు, కుందేళ్లు, పక్షులు

టాస్మేనియాకు ఆగ్నేయముగా ఇంచుమించు 1,500 కిలోమీటర్ల దూరమున, దక్షిణ మహాసముద్రములో మక్వారీ అను చిన్న దీవి కలదు. పొడవు 34 కిలోమీటర్లు. చెట్టన్నది మొలవదు; గడ్డి దుబ్బులు, వెడల్పాటి ఆకుల మొక్కలు, ఎడతెగని గాలివాన. నేలపై తిరిగి వేటాడు జంతువు మొదట అక్కడ లేదు. అందుచేత సముద్రపక్షులు నేలమీదనే, బొరియలలోనే గ్రుడ్లు పెట్టి నిశ్చింతగా నుండెడివి.

1810లో సీలు జంతువుల వేటగాండ్రు ఈ దీవిని కనుగొనిరి. వారి ఓడలవెంట ఎలుకలు, పిల్లులు దిగినవి. 1870 తరువాత ఆహారము కొరకు కుందేళ్లను తెచ్చి విడిచిరి. ఇచ్చట ఒక చిత్రము చెప్పవలెను. మరెక్కడను లేని చిలుక జాతి యొకటి పిల్లుల నడుమనే దశాబ్దములు బ్రతికినది. కుందేళ్లు వచ్చిన కొలది యేండ్లకే అంతరించినది. కుందేలు చిలుకను తినదు గదా! కాని శీతకాలమున సముద్రపక్షులు చాలవరకు దీవిని విడిచిపోవుటచే పూర్వము పిల్లులకు తిండి కరవయ్యెడిది. కుందేళ్లు ఏడాది పొడవునను దొరకుటతో పిల్లుల సంఖ్య పెరిగి, చిలుకకు కాలము మూడినదని శాస్త్రజ్ఞుల యూహ.

1978లో కుందేళ్లకు మాత్రమే సోకు రోగమును వ్యాపింపజేసిరి. లక్షకు మించిన కుందేళ్లు ఇరువది వేల లోపునకు తగ్గినవి. పిల్లులు పక్షుల బెడదగనే నిలిచినందున వానిని వేటాడి 2000 నాటికి నిర్మూలించిరి. ఆ పిమ్మట కుందేళ్లు మరల లక్ష దాటినవి! పిల్లులు పోవుటయే కారణమని కొందరు, రోగము పట్టు సడలుటయే కారణమని కొందరు వాదించిరి. మా మటుకు రెండింటిలోను నిజమున్నట్లే తోచుచున్నది. కుందేళ్లు గడ్డిని మొదలంట కొరికివేయగా వాలుల మన్ను పట్టు తప్పినది. 2006లో కొండచరియ విరిగి రాజ పెంగ్విన్ల నివాసముపై పడినది.

ఒక జంతువును మాత్రమే తొలగించిన చాలదని దీనివలన తేలినది. కుందేళ్లను, ఎలుకలను, చుంచులను ఒక్కసారిగా నిర్మూలింప పూనుకొనిరి. 2010లో వాతావరణము అనుకూలింపక పని ఆగినది. 2011లో హెలికాప్టర్లనుండి విషపు గుళికలను దీవియంతట చల్లిరి. ఆ విషము రక్తము గడ్డకట్టకుండ చేసి చంపును. దానికి ముందే కుందేళ్లకు మరియొక రోగమును అంటించిరి. మిగిలిన కుందేళ్లు పదుమూడే. వానిని శిక్షణ పొందిన కుక్కలతో వెదకి పట్టిరి. 2014లో దీవికి విముక్తి కలిగినదని ప్రకటించిరి.

అయితే ఊరక వచ్చిన ఫలితము కాదిది. గుళికలను గాని, విషముతో చచ్చిన కళేబరములను గాని తిని, రెండువేలకు పైగా స్థానిక పక్షులు చచ్చినవి. ఏ పక్షులకొరకు పూనుకొనిరో వానిలోనే కొన్నిటిని బలి యిచ్చుట న్యాయమా? చేయక మానిన, ఎలుకలు ఏటేట తిను గ్రుడ్లకు, పిల్లలకు అంతముండెడిది కాదు. ఆ లెక్క చూచియే మేము దీనిని సమర్థించుచున్నాము. ఇప్పుడు వాలులపై గడ్డి నిలువెత్తున లేచినది. బొరియలలో గ్రుడ్లు పెట్టు పెట్రెల్ పక్షులు మరల పెరుగుచున్నవి. అచ్చటికి పోవు సామానులో ఎలుక గాని, చుంచు గాని దాగియున్నదేమోయని నేడు ముందుగనే సోదా చేయుచున్నారు.