అరికాలు నేర్పే పరుగు

నింపాదిగా పరిగెత్తే మనిషి నిమిషానికి సుమారు 170 అడుగులు వేస్తాడు. గంటసేపు పరిగెడితే పదివేలు దాటుతాయి. ఒక్కో అడుగులో పాదం నేల మీద ఉండేది దాదాపు పావు సెకను. మిగిలిన కాస్త సమయం రెండు కాళ్లూ గాల్లోనే. పరుగు తీరు బాగుందో లేదో ఆ పావు సెకనులో, అందులోనూ మొదటి ఐదో వంతులో తేలిపోతుంది.

మంచి తీరు లక్షణాలు కొత్తవేమీ కావు. పాదం శరీరానికి బారెడు ముందు కాకుండా ఇంచుమించు నడుము కిందనే దిగాలి. మోకాలు కాస్త వంగి ఉండాలి. అంగలు పొట్టిగా, వడివడిగా పడాలి. దిగిన చప్పుడు పక్కన పరిగెత్తేవారికి వినబడకూడదు. వట్టికాళ్లతో చాలా దూరాలు పరిగెత్తే అలవాటున్నవారిలో ఇవి ఎవరూ చెప్పకుండానే కనిపిస్తాయి. వాళ్లే పలుచటి అడుగున్న మినిమలిస్ట్ షూ తొడుక్కుంటే ఆ తీరు నిలుస్తుందా? అలవాటు లేనివారు ఆ షూ తొడుక్కుంటే ఆ తీరు దానంతటదే వస్తుందా? పరుగు మీద ఆసక్తి ఉన్న పాఠకులు తరచూ అడిగే ఈ ప్రశ్నలకు జవాబు బూటులో కన్నా అరికాలి చర్మంలోనే ఎక్కువగా ఉంది.

మామూలు జాగింగ్ బూటులో మడమ కింద మూడు సెంటీమీటర్ల దాకా మెత్త ఉంటుంది. మడమ భాగం మునివేళ్ల భాగం కన్నా సుమారు సెంటీమీటరు ఎత్తుగా ఉంటుంది. ఈ రెంటినీ తగ్గించుకుంటూ పోతే మినిమలిస్ట్ షూ తయారవుతుంది. ఎంత తగ్గితే ఆ పేరు చెల్లుతుందో 2015లో 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణులు ఒక కొలమానం పెట్టారు. బరువు, అడుగు మందం, మడమ ఎత్తు, చేత్తో వంచితే వంగే గుణం, పాదాన్ని కట్టడి చేసే హంగులు ఎంత తక్కువ అన్నవి అందులోని అంశాలు. అరికాలికి నేల ఎంత తెలుస్తుందన్న కొలత మాత్రం అందులో నేరుగా లేదు. అది పెద్ద లోటే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా వట్టికాళ్లతో మారథాన్ పరిగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు తొడుక్కుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు. వట్టికాళ్లను మెచ్చేవారు రోమ్‌ను చూపిస్తారు, బూట్లను మెచ్చేవారు టోక్యోను చూపిస్తారు. టోక్యోలో బూట్లలో ఉన్నవి రోమ్‌లో రాళ్ల బాటల మీద పరిగెత్తిన కాళ్లేనన్న సంగతి రెండు పక్షాలూ వదిలేశాయి.

నేలకూ కాలికీ మధ్య జరిగే ఢీ లెక్కను అందరికీ అర్థమయ్యేలా చెప్పినవాడు హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్. 2010 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చిన ఆయన బృందం వ్యాసం కెన్యా రిఫ్ట్ లోయలోని రన్నర్లను, అమెరికా రన్నర్లను పోల్చింది. మడమ ముందుగా తాకితే మొదటి 50 మిల్లీసెకన్లలోనే శరీర బరువుకు ఒకటిన్నర నుంచి మూడు రెట్ల దెబ్బ పడుతుంది. గ్రాఫులో అది సూదిమొనలా పైకి లేస్తుంది. వేళ్ల వెనక ఉండే ఉబ్బెత్తు భాగం ముందుగా తాకితే ఆ మొన మాయమవుతుంది. రోకలిని నిలువుగా జారవిడిస్తే దాని బరువంతా ఒక్కసారిగా ఆగాలి, నేల అదురుతుంది. ఏటవాలుగా జారవిడిస్తే ముందు ఒక కొస ఆగుతుంది, మిగతాది వాలుతూ దిగుతుంది. కాలి విషయమూ ఇంతే. వట్టికాళ్లతో మడమ మోపి దిగినవారిలో ఆ క్షణాన ఆగిపోయే భాగం శరీర బరువులో 6.8 శాతం. ముందుపాదంతో దిగినవారిలో 1.7 శాతం. 65 కిలోల మనిషికి ఇది నాలుగున్నర కిలోల దెబ్బకూ కిలోకు కాస్త మించిన దెబ్బకూ ఉన్న తేడా. మిగతా బరువును పిక్క కండరమూ, మడమ వెనక వేళ్లతో పట్టుకుంటే గట్టి తాడులా తగిలే అకిలిస్ టెండనూ సాగుతూ నెమ్మదిగా దించుతాయి.

ఈ వ్యాసాన్ని పట్టుకుని చాలామంది తప్పుదారి పట్టారు. వట్టికాళ్లంటే ముందుపాదం పరుగేనని, మడమ తాకితే తప్పేనని ఒక సూత్రం తయారైంది. 2013లో కెన్యా ఉత్తర కొసన ఉండే దాసనాచ్ పశుపాలకులలో 38 మంది పెద్దలను పరిశీలించారు. చెప్పుల అలవాటు లేని ఆ మనుషుల్లో 72 శాతం, తమకు హాయిగా ఉన్న వేగంలో, మడమతోనే దిగారు. వేగం పెరిగినకొద్దీ మడమ వాడకం తగ్గింది. వట్టికాలు ఎవరికీ ఒకే భంగిమను అంటగట్టదు. ఆ వేగానికి, ఆ నేలకు దిగడం నొప్పించిందో లేదో చెబుతుంది, అంతే. ఆ చెప్పేదెవరో, చెప్పే పద్ధతేమిటో పరుగు శాస్త్రంలోకెల్లా అద్భుతమైన కథ.

2002లో కెనడాలో కెనెడీ, ఇంగ్లిస్ అనే ఇద్దరు పరిశోధకులు మోకాలి వెనక నుంచి పాదానికి దిగే నరంలో చాలా సన్నటి సూదులు గుచ్చి, అరికాలి స్పర్శగ్రాహకాలు ఒక్కొక్కటి పంపే సంకేతాన్ని విన్నారు. 104 గ్రాహకాలు దొరికాయి. పాదం మీద బరువు లేనప్పుడు అవన్నీ మౌనంగా ఉన్నాయి. బరువు పడితేనే పలుకుతాయి. వాటిలో నాలుగు రకాలు. మెర్కెల్ గ్రాహకాలు ఒత్తిడిని, అంచులను పసిగడతాయి. సగానికి పైగా ఉన్న మీస్నర్ గ్రాహకాలు తాకిన క్షణాన్ని, చర్మం జారడాన్ని చెబుతాయి. రఫీనివి చర్మం సాగడాన్ని చెబుతాయి. లోతుగా ఉండే పచీని గ్రాహకాలకు తెలిసేది అదురు. ఈ పచీని ఇటలీ దేశస్థుడు, 1854లోనే ఫ్లారెన్స్‌లో కలరా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూసినవాడు. దాన్ని కనుగొన్నవాడిగా పేరుపడ్డ రాబర్ట్ కోక్‌కు మూడు దశాబ్దాల ముందు చూసినా ఎవరూ పట్టించుకోలేదు. అరికాలిలో ఆయన పేరు మోస్తున్న ఉల్లిపాయ పొరల వంటి ఆ చిన్న కణికల మీద కూడా బూట్ల తయారీదారులు చాలాకాలం దృష్టి పెట్టలేదు.

ఇక్కడొక చిక్కు ఉంది. అరికాలి నుంచి వెన్నుకు దాదాపు మీటరు దూరం, తిరిగి పిక్కకు రావడానికి ఇంకో మీటరు లోపు. నరంలో సంకేతం సెకనుకు 50 మీటర్ల చొప్పున వెళ్లినా రానూపోనూ ముప్పై నలభై మిల్లీసెకన్లు పడతాయి. తర్వాత కండరం బిగియాలి. ఈలోగా 50 మిల్లీసెకన్ల దెబ్బ పడిపోతుంది. అంటే పడుతున్న అడుగును చర్మం కాపాడలేదు. అది చెప్పే మాట తర్వాతి అడుగుకు, ఆ తర్వాతి వెయ్యి అడుగులకు పాఠమవుతుంది. పాదం నేల తాకకముందే పిక్క ఎంత బిగియాలో, మోకాలు ఎంత వంగాలో శరీరం ముందే నిర్ణయించుకుంటుంది. అమెరికాలో డేనియల్ ఫెరిస్, క్లెయిర్ ఫార్లీ బృందం 1999లో దీన్ని చక్కగా చూపించింది. మెత్తటి దారి మీద నుంచి గట్టి దారి మీదికి వచ్చిన రన్నర్లు కొత్త నేల మీద మొదటి అడుగులోనే కాలి బిగువును తగ్గించుకున్నారు. నేల మెత్తనైతే కాలు బిగుసుకుంటుంది, గట్టిదైతే సడలుతుంది. మెత్తటి మ్యాట్ల మీదికి దిగినప్పుడు మనుషులు మరింత బలంగా దిగుతున్నారని స్టీవెన్ రాబిన్స్ 1990లలో కెనడా నుంచి మొత్తుకున్నదీ ఇలాంటి సంగతే. కుషన్ పెంచితే దెబ్బ అంత మేరా తగ్గుతుందని లెక్కగట్టినవారు ప్రయోగశాలలో బూటు మీద ఇనుప గుండు వేసి కొలిచారు. ఇనుప గుండుకు నాడీమండలం లేదు.

దెబ్బ కన్నా గొప్ప గురువు రాపిడి. పాదం ఒంటికి బాగా ముందు దిగితే అది బ్రేకులా పనిచేస్తుంది. ముందుకు పోతున్న శరీరం ఒకవైపు, ఆగిన పాదం ఒకవైపు చర్మాన్ని లాగుతాయి. వట్టికాళ్లతో తారురోడ్డు మీద ఇలా నాలుగు వందల మీటర్లు పరిగెత్తితే చాలు, వేళ్ల వెనక భాగం చురచురమంటుంది. కిలోమీటరుకు బొబ్బ లేస్తుంది. బొబ్బ ఎక్కడ లేచిందో చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. బొటనవేలి కింద లేస్తే నెట్టుకుంటూ లేస్తున్నట్టు, మడమ అంచున లేస్తే అంగ సాచి దిగుతున్నట్టు. బూటులో ఇదే రాపిడి మేజోడుకూ రబ్బరుకూ పోతుంది. ఏడాది వాడిన జాగింగ్ బూటును తిప్పి మడమ బయటి అంచున వేలు పెట్టి తడిమితే ఏటవాలుగా అరిగిన చోటు దొరుకుతుంది. చర్మానికి అందాల్సిన కబురు అక్కడ రబ్బరు పొడై రాలిపోయింది.

మినిమలిస్ట్ షూ మందాన్ని తీసేస్తుంది కానీ ఈ రాపిడి కబురును పూర్తిగా తిరిగివ్వదు. పలుచటి రబ్బరైనా చర్మానికీ నేలకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. దెబ్బను ఆపే మెత్త పోయింది, దెబ్బ పడుతోందని చెప్పే చర్మమూ కప్పబడి ఉంది. రెండు దారుల మధ్య ఇదే ప్రమాదకరమైన చోటు.

కాయ కాచిన చర్మం కూడా బూటు సోల్ లాంటిదే కదా, స్పర్శను అదీ చంపదా అని వైద్యులు సైతం అనుకునేవారు. ఆ ఊహ తప్పని 2019లో తేలింది. కెన్యాలో, బోస్టన్‌లో వందకు పైగా మనుషుల పాదాలను అల్ట్రాసౌండ్‌తో కొలిచిన నికలస్ హొలొవ్కా, లీబర్‌మన్ బృందం, చర్మం ఎంత మందమెక్కినా గ్రాహకాల సున్నితత్వం తగ్గలేదని కనుగొంది. కాయ గట్టిది, అది దెబ్బను మింగదు, నిక్కచ్చిగా లోపలికి చేరవేస్తుంది. రబ్బరు మెత్తనిది, మింగుతుంది. పొలం గట్ల మీద తిరిగిన రైతు పాదానికి ముల్లు తేలిగ్గా గుచ్చుకోదు కానీ గులకరాయి తెలుస్తుంది. (ఆనెకాయ వేరు. అది ఒకేచోట ఒత్తిడి పడి లోపలికి దిగే మేకు, దానికి వైద్యం కావాలి.)

ఇప్పుడు అసలు ప్రశ్న. 2009లో ఇటలీకి చెందిన స్క్వాద్రోనే, గలోజీ వట్టికాళ్ల పరుగులో ఆరితేరిన ఎనిమిది మందిని వేళ్ల తొడుగుల వంటి వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్‌తో పరిగెత్తించారు. వాళ్ల తీరు వట్టికాళ్ల తీరుకు చాలా దగ్గరగానే ఉంది. 2013లో ఆస్ట్రేలియాలో జేసన్ బొనాచీ బృందం, బూట్లలోనే తర్ఫీదైన 22 మంది మేటి రన్నర్లను పరీక్షించింది. వట్టికాళ్లతో వాళ్ల మోకాలి శ్రమ తగ్గి, చీలమండ శ్రమ పెరిగింది. మినిమలిస్ట్ షూ తొడిగితే మాత్రం ఆ శ్రమకూ మామూలు బూటులో శ్రమకూ పెద్ద తేడా లేకుండా పోయింది. ఆ షూ సోల్ మరీ పలుచనిదేమీ కాదన్న మాట నిజమే. అయినా రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెడితే జవాబు కళ్లకు కడుతుంది. చర్మం దగ్గర నేర్చుకున్న తీరు బూటులోకి వెంట వస్తుంది. బూటు నుంచి తీరు పుట్టదు. బికిలా కాళ్లు టోక్యోలో చేసింది ఇదే.

వెంట వచ్చినదైనా కలకాలం నిలవదు. అలసట పెరిగేకొద్దీ అంగ సాగుతుంది, చప్పుడు పెరుగుతుంది, చర్మం మాత్రం ఫిర్యాదు చేయదు. అందుకే మినిమలిస్ట్ షూలో పరిగెత్తేవారు వారానికి కొంత దూరమైనా వట్టికాళ్లతో, గట్టి నున్నటి నేల మీద పరిగెత్తి తీరును సరిచూసుకోవడం తెలివైన పని. పచ్చిక కన్నా గట్టి నేలే మంచి పాఠశాల. అది సాధ్యం కానప్పుడు నిమిషానికి వేసే అడుగులను ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లో అమెరికాలో హైడర్‌షైట్ బృందం చూపింది. దిగే చప్పుడు పెరుగుతోందేమో వింటూ, అరికాలి బదులు చెవి కూడా వాడుకోవచ్చు.

బూట్ల కంపెనీలు ఈ కథలో సగమే అమ్మాయి. ఫైవ్‌ఫింగర్స్ పాదాల కండరాలను బలపరుస్తుందన్న ప్రచారంపై అమెరికాలో దావా నడిచి, 2014లో వైబ్రమ్ 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. దానికి ముందు ఏడాది సారా రిడ్జ్ బృందం 36 మంది రన్నర్లను పది వారాలు గమనించింది. ఫైవ్‌ఫింగర్స్‌కు మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగినట్టు ఎమ్మారై స్కాన్‌లో కనిపించింది. పాత బూట్లలోనే ఉన్న 17 మందిలో అలా జరిగినవారు చాలా తక్కువ. నరాలు వారాల్లో నేర్చుకుంటాయి, ఎముకకు, టెండన్‌కు నెలలు కావాలి. వట్టికాళ్లతో మొదలుపెడితే ఎముక కన్నా ముందే చర్మం మొరపెట్టి ఆపేస్తుంది. ఏడాదంతా చెప్పుల్లో ఉన్న కాళ్లతో సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినవారికి ఆ మొర బాగా తెలుసు. షూ ఆ మొరను ఆపి మరో మూడు కిలోమీటర్లు పరిగెత్తనిస్తుంది, విరిగేది అక్కడే. పెట్టె మీద ధర ఉంటుంది, ఈ నెలల లెక్క ఉండదు.

పిల్లల సంగతి వేరే. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ కర్ణాటకలో 4 నుంచి 13 ఏళ్ల వయసున్న 2,300 మంది పిల్లల అడుగుజాడలు పరిశీలించి 1992లో ప్రకటించారు. బూట్లు, చెప్పులు వేసుకునేవారిలో చదునుపాదాలు 8.6 శాతం, వేసుకోనివారిలో 2.8 శాతం. క్రమశిక్షణ పేరుతో పిల్లలను రోజంతా బిగుతు బూట్లలో ఉంచే బడులు ఈ లెక్కను చూడాలి.

మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వట్టికాళ్ల పరుగు పనికిరాదు, పలుచటి షూ అసలే పనికిరాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల మీద సాగించిన పరిశోధనలో దీని కారణం దొరుకుతుంది. స్పర్శ ఉన్న మనిషి చాలాసేపు నడిస్తే తెలియకుండానే బరువును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకుంటాడు. స్పర్శ లేని మనిషి చివరిదాకా అదే చోటును నొక్కుతూ పోతాడు, అక్కడే పుండు పడుతుంది. స్పర్శ ఉందో లేదో తేల్చే పరీక్షకు ఎక్కువసేపు పట్టదు. పది గ్రాముల బలానికి వంగే నైలాన్ పోగును డాక్టరు అరికాలిలో కొన్ని చోట్ల ఆనిస్తారు. కళ్లు మూసుకున్న మనిషి అది ఎక్కడ తగిలిందో చెప్పగలగాలి.