బల్ల మీద బల్ల

కళ్లజోడు బల్ల మీదే పెట్టాను... కనపడదు. కరెంటు బిల్లు ఇక్కడే ఉండాలి... ఉండదు. కత్తెర కోసం వెతికితే పోయిన నెల మాయమైన పెన్‌డ్రైవ్ బయటపడుతుంది! మీ ఇంట్లోనూ ఇంతేనా? అయితే ఇది మీకోసమే. ఒక పలక, ఒక రంపం, ఒక ఆదివారం చాలు. (రెండు ఆదివారాలు అనుకోండి. మాకు అంతే పట్టింది.)

మా ఇంట్లో రాతబల్ల ఒక్కటే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. వాడేది మాత్రం నలుగురం. పొద్దున్నే పేపరూ, పెన్షన్ కాగితాలూ పట్టుకుని నాన్న. పగలు ల్యాప్‌టాప్‌లో పిల్లలకు లెక్కలు చెప్పుకొంటూ మా ఆవిడ. సాయంత్రం హోంవర్కుతో నాలుగో తరగతి అమ్మాయి. రాత్రి పదయ్యాక నేను. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు 'నాలుగు రోజులే కదా' అనుకుని ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టాం. లాక్‌డౌన్ పోయింది, ఆన్‌లైన్ పాఠాలు పోలేదు.

అలాంటి బల్ల మీద ఒక కాగితం పోయింది. మామూలు కాగితం కాదు, బీమా ప్రీమియం నోటీసు. అట్లాసు కింద దూరి, రెండు నెలల తర్వాత దొరికింది. అప్పటికే గడువు దాటి పాలసీ ఆగిపోయింది. వడ్డీ కట్టి, ఆరోగ్యం బాగానే ఉందని కాగితం రాసిచ్చి మళ్లీ బతికించుకున్నాం. నాన్న ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది.

అంతకన్నా పెద్ద తంటా మా ఆవిడ మెడ. ముందు మెడ పట్టేసేది, తర్వాత కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. డాక్టరు పరీక్షంతా చేసి, చివర్లో అడిగిన ప్రశ్న ఒక్కటే. 'మీ స్క్రీను ఎంత ఎత్తులో ఉంటుంది?' బల్లకి ఆనుకునే ఉంటుంది మరి! మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. నిటారుగా కూర్చుంటే మెడ మోసే బరువు అంతే. తల ముందుకు వంగేకొద్దీ అది పెరుగుతుంది. 60 డిగ్రీలు వంగితే మెడ మీద పడే భారం దాదాపు 27 కిలోలని అమెరికాలో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో లెక్కగట్టారు. ఎనిమిదేళ్ల పిల్లను మెడ మీద కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పినట్టన్నమాట.

కొత్త బల్ల కొందామంటే గదిలో చోటు లేదు. కిటికీ తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి మా బల్లను ఓ నిమిషం చూసి తేల్చేశాడు. 'బల్ల చిన్నగేం లేదు సార్. మీరు అంత కిందనే పరిచిన్రు. మీదికి కట్టుకోవాలె.' హైదరాబాద్‌లో ఇళ్లన్నీ అలాగే కడుతున్నారు కదా... నాకు తట్టలేదంతే!

వ్యాసపీఠం చుట్టమే

నిజానికి ఇదేమీ కొత్త సంగతి కాదు. పురాణం చదివే పెద్దల ఇళ్లలో వ్యాసపీఠం చూసే ఉంటారు. ఒకే పలకను చీల్చి, ఆ కర్రలోనే కీలు చెక్కి, కత్తెరలా తెరుచుకునేలా చేసేవారు. మేకు ఉండదు, జిగురు ఉండదు. మసీదుల్లో ఖురాన్ చదవడానికి వాడే రెహాల్‌దీ అదే పద్ధతి. పుస్తకం నేల మీద ఉండకూడదన్నది భక్తి. దాంతోపాటు చదివేవాళ్ల మెడకీ కాస్త సుఖం. పాత బట్టల కొట్లలో గుమాస్తాల ముందుండే ఏటవాలు మూత పెట్టె కూడా అంతే. పైన రాత, లోపల చిట్టా పుస్తకాలు. కిందా పైనా రెండూ వాడుకోవడం మన గుమాస్తాలకు ఎప్పటినుంచో తెలుసు.

మనం చేయబోయేది అంతకన్నా తేలిక. పైన ఒక పలక, కింద మూడు కాళ్లు, వెనక ఒక పట్టీ. పలక మీద స్క్రీను, పలక కింద మిగతా సామాను.

ముందు కళ్లు కొలవండి

బజార్లో రెడీమేడ్ స్టాండులు బోలెడు. వాటి ఎత్తు ఎవరి కొలతకు పెట్టారో మాత్రం చెప్పరు. మీ కొలత మీరే తీసుకోండి. ఎప్పుడూ కూర్చునే కుర్చీలో నిటారుగా కూర్చుని, బల్ల నుంచి మీ కంటి దాకా టేపుతో కొలవమని ఇంట్లో ఎవరినైనా అడగండి. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, బల్ల నుంచి స్క్రీను పై అంచు దాకా కొలవండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే స్టాండు ఎత్తు. స్క్రీను పై అంచు కంటికి సమానంగా గానీ కాస్త కిందగా గానీ ఉండాలి. పైకి మాత్రం పోకూడదు.

నాకు బల్ల నుంచి కంటికి పదిహేడున్నర అంగుళాలు. మా ఆవిడకు పదహారు. తెరిచిన ల్యాప్‌టాప్ తొమ్మిదిన్నర. అంటే నాకు ఎనిమిది, ఆవిడకు ఆరున్నర అంగుళాల ఎత్తు కావాలి. బైఫోకల్ కళ్లజోడు పెట్టుకునే నాన్నకు ఇంకా తక్కువ ఉండాలి. కింది అద్దంలోంచి చూడటానికి వాళ్లు గడ్డం పైకెత్తుతారు కదా, స్క్రీను ఎత్తుగా ఉంటే మెడ వెనక్కి విరుగుతుంది. అమ్మాయి కొలత తీసుకోలేదు. ఏడాదికోసారి మారిపోయే కొలతను నమ్ముకుని కర్ర కోయలేం! చివరికి పలకతో కలిపి అయిదు ముప్పావు దగ్గర ఆగాం. ఎక్కువసేపు కూర్చునేది మా ఆవిడ కాబట్టి ఆవిడకు దగ్గరగా, నాన్నకు మరీ ఎత్తు కాకుండా.

ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి దాని కీబోర్డే వాడితే మెడనొప్పి తగ్గి భుజం నొప్పి పట్టుకుంటుంది. విడిగా ఒక కీబోర్డు, మౌసు ఉండాల్సిందే.

ఏ కర్ర?

వేప గట్టిది, పురుగు తొందరగా పట్టదు. మామిడి చవక, శుద్ధి చేయని కర్రయితే పుచ్చుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్కడానికి వెన్నలా ఉంటుంది కానీ బరువు మోయడానికి పనికిరాదు. పెద్ద యంత్రాలు వచ్చే ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చాలాచోట్ల అమ్ముతారు. దాని మీద ముద్ర చూసి కొనండి. 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసింది. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, ఇంట్లోకి వద్దు. ఇవేవీ కాకపోతే 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు శుభ్రంగా సరిపోతుంది.

మందం దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. పలక మందం సగానికి తగ్గితే అదే బరువుకు అది ఎనిమిది రెట్లు ఎక్కువ వంగుతుంది. ముప్పావు అంగుళం తగ్గకుండా చూసుకోండి.

మాకు కర్ర కొనే పని పడలేదు. ఊళ్లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు గోడ అలమరలోని టేకు పలకను నాన్న బస్సు మీద వేయించుకుని తెచ్చారు. ఆరడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు. అప్పట్నుంచీ బాల్కనీలో గోడకు ఆనించి ఉంది. దాన్ని కోద్దామా అని అడగడానికి నాకే నోరు రాలేదు. మేస్త్రే అడిగేశాడు. నాన్న పలకను తిరగేసి చూపించారు. అడుగున పెన్సిలుతో గీసిన గీతలు, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. తాతయ్య వేసుకున్న ధాన్యం బస్తాల లెక్క. 'ఇవి పోకుండా చేస్తానంటే కోయండి' అన్నారు. ఉన్నది ఒక్క పలక. తప్పు కోస్తే ఇంకోటి దొరకదు.

కోత లెక్క

పాత కర్ర అయితే ముందు అయస్కాంతంతో అంతా తడమండి. లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్లూ, చిత్రిక బ్లేడూ పోతాయి. మా పలకలో మూడు దొరికాయి. తర్వాత మేస్త్రి పైవైపు మాత్రమే చిత్రిక పట్టాడు. గీతలున్న అడుగువైపు ముట్టుకోలేదు.

మాకు వచ్చిన ముక్కలు ఇవి. పైపలక 24 అంగుళాల పొడవు, 10 వెడల్పు. దీన్ని కొస నుంచి కాక, గీతలున్నచోట కోశాం. చివరి కాళ్లు రెండు, ఒక్కోటి 5 ఎత్తు, 10 వెడల్పు. వెనక పట్టీ ఇరవై రెండున్నర పొడవు, 2 వెడల్పు. ఇది రెండు కాళ్ల మధ్యలో ఇరుక్కుంటుంది కాబట్టి రెండు కాళ్ల మందం తీసేయాలి. ఈ పట్టీ లేకపోతే స్టాండు పక్కకు ఊగుతుంది. ఇక లోపలి కాలు. దాన్నీ పదంగుళాల వెడల్పే కోశాను. వెనక పట్టీ అడ్డొచ్చి ముప్పావు అంగుళం ముందుకు పొడుచుకొచ్చింది! గుండె ఆగినంత పనైంది. మేస్త్రి నవ్వి, 'ఎక్కువైతే తీయొచ్చు సార్, తక్కువైతేనే తిప్పలు' అని పట్టీ మందం మేర కోసి ఇచ్చాడు. మీరు మొదటే తొమ్మిదింపావు కోసుకోండి.

ఈ లోపలి కాలు సరిగ్గా మధ్యలో వద్దు. మధ్యలో పెడితే రెండు గదులూ కీబోర్డుకు చాలవు. ఒక పక్కకు జరిపి పెద్ద గది 18 అంగుళాలు ఉంచితే మామూలు కీబోర్డు లోపలికి దూరుతుంది. రెండో పక్క మూడుముప్పావు అంగుళాల సందు మిగులుతుంది.

జిగురు, స్క్రూ, ఓపిక

కాళ్ల పై అంచుకు ఫెవికాల్ రాసి, పలక పెట్టి, పైనుంచి రెండంగుళాల స్క్రూలు బిగించాలి. కాలికి రెండు చాలు. స్క్రూ కన్నా సన్నగా ముందే కన్నం చేసుకోవడం మరవద్దు. లేకపోతే కర్ర చీలుతుంది, ప్లైవుడ్డయితే పొరలు విడిపోతాయి. ప్రతి మూలా మూలమట్టం పెట్టి చూసుకుని రాత్రంతా కదపకుండా వదిలేయండి. మా అమ్మాయి రెండుసార్లు కదిపింది. దాని ఫలితం చివర్లో చెబుతాను.

మర్నాడు గరుకు కాగితం. ముందు 80 నంబరు, తర్వాత 120, ఆఖర్న 220. కర్ర మీద పొడవుగా కనిపించే గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గాట్లు పాలిష్ వేశాక బయటపడతాయి.

పాలిష్ రెండువైపులా వేయాలి. ఒకవైపే వేస్తే రెండోవైపు వానాకాలం తేమ పీల్చుకుని పలక వంగుతుంది. అడుగువైపు మేస్త్రి గుడ్డతో రుద్దలేదు. లక్కను స్పిరిట్‌లో పల్చగా కరిగించి మెత్తని బ్రష్‌తో అలా అద్దాడు, అంతే. తాతయ్య గీతలు చెక్కుచెదరలేదు. లక్క పాలిష్ మెరుపు బాగుంటుంది కానీ వేడిని ఓర్చుకోదు. కాఫీ కప్పు పెడితే తెల్లటి వలయం పడుతుంది. కప్పులు పెట్టేవాళ్లయితే మెలమైన్ పాలిష్ వేయించుకోండి. మేం కప్పులు పెట్టం అనుకున్నాం. నాలుగో రోజుకే ఒక వలయం వచ్చింది. ఎవరిదో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

అవిసె నూనె పూసేవాళ్లు ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి.

ఎవరి గది వాళ్లది

స్టాండు వచ్చాక బల్ల మీద కొత్తగా చేరిన జాగా ఎంత? లెక్కేస్తే ఒకటిన్నర చదరపు అడుగు, అంతే. మా ఇంట్లో తేడా తెచ్చింది ఆ జాగా కాదు. ప్రతి వస్తువుకూ ఒక చోటు వచ్చింది. పాఠం అయ్యాక కీబోర్డు లోపలికి పోతుంది, ఎదురుగా అమ్మాయి నోటుపుస్తకానికి చోటు దొరుకుతుంది. సన్నటి సందులో కాగితాలు నిలబెట్టాం, గడువున్నవి మాత్రమే. చార్జరు వైర్లను వెనక పట్టీకి చిన్న కొక్కేలతో తగిలించాం. ల్యాప్‌టాప్ వెనక గాలి ఆడేలా రెండంగుళాలు వదిలాం.

మా ఆవిడ మెడనొప్పి మాయమైందని చెప్పను. వ్యాయామాలు చేస్తోంది, పాఠానికీ పాఠానికీ మధ్య లేచి తిరుగుతోంది. వేళ్ల తిమ్మిరి మాత్రం తగ్గింది. ఈ ఏడాది ప్రీమియం వారం ముందే కట్టేశాం. పలకలో పదంగుళాల ముక్క మిగిలితే నాన్న పాత తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టుకున్నారు.

అన్నట్టు, కదిపిన ఫలితం... కుడికాలు కాగితం మందమంత ఎత్తుగా ఆరిపోయింది. గరుకు కాగితం బల్ల మీద పరిచి, మిగతా కాళ్లను దాని మీద నాలుగుసార్లు రుద్దితే సరిపోతుందని మేస్త్రి చెప్పి నెల దాటింది. ఈలోపు దాని కింద ఎవరిదో పెళ్లి శుభలేఖ మడిచి పెట్టాం. వచ్చే ఆదివారం తీసేస్తానని మా ఆవిడకు చెప్పాను.