సాహిత్యము నెరిగిన గాయకుడు

ఫ్రెంచి కవుల పద్యములకు స్వరము కూర్చి పియానో తోడుగా పాడు గీతమునకు 'మెలొడీ' యని పేరు. దీనికి కంఠమాధుర్య మొక్కటియే చాలదు. ఆ భాషలో పదము చివరి 'ఎ' అను అచ్చు సంభాషణమున తరచు లోపించును. పద్యమున హల్లుకు ముందున్నచో గణనకు వచ్చును. పాటలో దానికి తరచు ఒక స్వరము దక్కును. ఆ స్వరమును నొక్కి పలికిన పదము చెడును. విడిచిన ఛందస్సు చెడును.

ఇట్టి సూక్ష్మముల నెరిగి పాడినవాడు పియేర్ బెర్నాక్ (1899–1979). స్వరకర్త ఫ్రాన్సిస్ పూలాంక్ 1935 నుండి 1959 వరకు ఆయనతో కూడి కచేరీలు చేసి, ఆయన కొరకు సుమారు 90 గీతములు రచించెను. బెర్నాక్ 1970లో ప్రకటించిన గ్రంథమున పద్యభావమును, పదముల కూర్పును, ఊపిరి తీయదగిన తావులను వివరించెను.

ఇట్టి గీతము రేడియోలో వినవచ్చినపుడు, పదాంతమందలి ఆ చిన్న స్వరమును గాయకుడెంత మృదువుగా విడుచునో శ్రోతలు గమనింతురు గాక!