న్యాయస్థానములలో కంప్యూటరు నిపుణుని కర్తవ్యము

కోర్టులో దావా వేసిన కక్షిదారు తీర్పు కొరకు వేచియుండుట సహజము. కాని వాయిదా ఏనాడో తెలిసికొనుటకే పల్లె నుండి జిల్లా కోర్టుకు వచ్చి, ఆనాటి కూలి పోగొట్టుకొని, వకీలు గుమస్తాను బతిమాలి తిరిగిపోవలసి వచ్చినచో, అది న్యాయము కొరకు పడిన శ్రమ కాదు. సమాచారము కొరకు పడిన శ్రమ. ఈ శ్రమను తొలగించుటయే కోర్టులలో సాంకేతిక శాఖను నడుపువారి మొదటి పని.

మన దేశమున 1990లో సుప్రీంకోర్టునందు ఈ కృషి ఆరంభమైనది. ఒకే న్యాయ సమస్యకు సంబంధించిన వ్యాజ్యములు వేర్వేరు కట్టలలో చెదరియుండెడివి. కంప్యూటరు సాయముతో వానిని ఏరి ఒకచోట చేర్చగా, అన్నింటిని కలిపి విచారించుట సులభమైనది. 2004 చివర జస్టిస్ జి. సి. భరూకా అధ్యక్షతన ఈ-కమిటీ ఏర్పడినది. 2007లో జిల్లా కోర్టులకు ఈ-కోర్టుల పథకము వచ్చినది. దాని మూడవ దశకు 2023లో కేంద్రప్రభుత్వము 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

ఈ పథకమునకు ఆధారము సి.ఎన్.ఆర్. అను 16 స్థానముల గుర్తు. ఇందు మొదటి రెండక్షరములు రాష్ట్రమును, తరువాతి రెండు జిల్లాను, ఆపై రెండంకెలు కోర్టును, తరువాతి ఆరు వరుస సంఖ్యను, చివరి నాలుగు సంవత్సరమును తెలుపును. 'ఒ.యస్. 25' అను దావా ప్రతి కోర్టులోను ఉండవచ్చును. ఈ గుర్తు మాత్రము దేశమంతటిలో ఒక్క వ్యాజ్యమునకే చెందును. దీనితో కక్షిదారు ఇంటివద్దనే, ఫోనులో, తన వాయిదాను చూచుకొనగలడు.

సమాచారము అందించిన చాలదు. అది మారకుండ కాపాడవలెను. అందుకు 'హాష్' అను గణిత సాధనము కలదు. ఇది దస్తావేజునకు వేలిముద్ర వంటిది. ఎస్.హెచ్.ఏ.-256 అను పద్ధతిలో, దస్తావేజు ఒక పుట యైనను వేయి పుటలైనను, 64 గుర్తుల ముద్ర ఏర్పడును. అందు 'రెండెకరములు' అనుదానిని 'మూడెకరములు'గా దిద్దినచో ముద్ర పూర్తిగా మారిపోవును. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, ఎలక్ట్రానిక్ సాక్ష్యముతో దాఖలు చేయు ధ్రువపత్రములో ఈ ముద్రను చూపవలెనని విధించినది.

అయితే ముద్ర తీసిన పిదప దస్తావేజు మారలేదని మాత్రమే యిది చెప్పును. అందలి మాట నిజమో కాదో చెప్పజాలదు. దానిని తేల్చవలసినది న్యాయమూర్తియే.

హైకోర్టులలో ఈ పనిని నడుపు న్యాయాధికారికి కేంద్ర ప్రాజెక్టు సమన్వయకర్త యని పేరు. జిల్లాలలో సిస్టమ్ ఆఫీసర్లు పనిచేయుదురు. ఈ వృత్తిని కోరు విద్యార్థికి కంప్యూటరు శాస్త్రముతో పాటు కోర్టు విధానము కూడ తెలిసియుండవలెను. ఏలయనగా బ్యాంకు లెక్కలో దొర్లిన తప్పును మరునాడు దిద్దవచ్చును. వాయిదా తేదీ తప్పుగ నమోదైనచో వాది ఆనాడు హాజరు కాడు, దావా కొట్టివేయబడవచ్చును. దానిని తిరిగి నిలబెట్టుటకు అతడు మరల అర్జీ పెట్టుకొనవలెను. ఫోను లేనివారి కొరకు కోర్టు ఆవరణలలో ఈ-సేవా కేంద్రములు నడపుటయు ఈ నిపుణుల బాధ్యతయే. యంత్రము ఎంత వేగముగ పనిచేసినదని గాక, కక్షిదారునకు ఒక్క తిరుగుడైనను తప్పినదా యని వారి పనిని కొలువవలెను.