మానని వాపు: కాపాడే కణాలే కీడు చేసే తీరు

కాలిలో ముల్లు విరిగితే కొన్ని గంటల్లోనే ఆ భాగం ఎర్రబడి, వాచి, వేడెక్కి, సలుపుతుంది. శరీరం తనను తాను రక్షించుకునే ఈ ప్రక్రియను వైద్యులు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. 1882లో రష్యా శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇటలీలోని మెస్సీనాలో నక్షత్ర చేప డింభకానికి గులాబీ ముల్లు గుచ్చి ఉంచారు. మర్నాటికి ఆ ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి కనిపించాయి. పరాయి పదార్థాన్ని మింగివేసే భక్షక కణాలు అవే. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో ఆయనకు పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

గాయమైన చోటికి ముందుగా చేరేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు. బ్యాక్టీరియాను మింగి, త్వరలోనే అవీ నశిస్తాయి. చీములో అధిక భాగం వాటి మృత శేషాలే. వెనుక వచ్చే మోనోసైట్లు కణజాలంలోకి ప్రవేశించి మాక్రోఫేజ్‌లు అనే పెద్ద భక్షక కణాలుగా మారతాయి. శిథిలాలను తొలగించి, గాయం మానేందుకు సంకేతాలిస్తాయి. కారణం తొలగితే వాపు దానంతటదే తగ్గుతుందని చాలాకాలం భావించారు. దానిని ఆపేందుకూ శరీరం ప్రత్యేక రసాయనాలను తయారుచేస్తుందని తర్వాత తేలింది.

ఆ ఆపే దశ రాకపోతే దీర్ఘకాలిక వాపు మొదలవుతుంది. మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు నెలలు, ఏళ్ల తరబడి అక్కడే తిష్ఠ వేస్తాయి. ఒకవైపు కణజాలం దెబ్బతింటూ, మరోవైపు మచ్చకడుతూ ఉంటుంది. క్షయ ఇందుకు మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ. క్షయ సూక్ష్మజీవి తనను మింగిన మాక్రోఫేజ్‌లోనే బతికి ఉండగలదు. దానిని చంపలేని కణాలు చుట్టూ చేరి గోడ కట్టినట్లు నిర్బంధిస్తాయి. గ్రాన్యులోమా అనే ఈ కణాల ముద్ద పుణ్యమా అని, సోకినవారిలో ఎక్కువమంది జీవితాంతం జబ్బు పడకుండానే ఉంటారు.

గుండె రక్తనాళాల్లో కథ వేరు. నాళపు గోడలో చేరిన చెడు కొలెస్ట్రాల్‌ను మింగి మింగి మాక్రోఫేజ్‌లు కొవ్వుతో ఉబ్బిపోతాయి. అలాంటి కణాలు పేరుకుని పూడికగా మారతాయి. ఏళ్ల తరబడి నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఒకనాడు పూడిక పగిలి రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది.

ఇందులో వాపు పాత్ర ఎంత? 2017లో వెలువడిన క్యాంటోస్ అధ్యయనం ఈ ప్రశ్నకు నేరుగా జవాబిచ్చింది. అప్పటికే గుండెపోటు వచ్చిన 10,061 మందిపై జరిగిన ఈ పరీక్షలో కొందరికి కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇది కొలెస్ట్రాల్‌ను తగ్గించదు. వాపును రగిల్చే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే రసాయనాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. అయినా 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాల ముప్పు సుమారు 15 శాతం తగ్గింది. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. కాపలాదారు చేతులు కట్టేస్తే జరిగేది అదే.

కీళ్లను శరీరమే దెబ్బతీసుకునే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌లోనూ ఈ చిక్కు ఉంది. వ్యాధి తీవ్రంగా ఉన్నవారికి టీఎన్ఎఫ్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందులు ఎంతో ఉపశమనమిస్తాయి. కానీ క్షయ క్రిమిని బంధించిన గోడను నిలిపి ఉంచేదీ ఆ టీఎన్ఎఫే. గోడ సడలితే నిద్రాణంగా ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు. అందుకే ఈ మందులు మొదలుపెట్టే ముందు వైద్యులు క్షయ పరీక్షలు చేయిస్తారు.

శరీరంలో వాపు ఉందో లేదో సీఆర్‌పీ రక్తపరీక్ష సూచిస్తుంది, ఎక్కడుందో చెప్పదు. చిన్నపాటి ఇన్‌ఫెక్షన్‌తోనూ ఆ అంకె పెరగవచ్చు. దానిని చూసి దుకాణంలో వాపు బిళ్లలు కొని నెలల తరబడి వాడేవారున్నారు. కడుపులో పుండ్లకు, మూత్రపిండాల నష్టానికి అది దారి తీయవచ్చు. ఇక పసుపు మాత్రల ప్రచారం సరేసరి: పసుపులోని కర్క్యుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పొగాకు మానడం, బరువు తగ్గించుకోవడం, చిగుళ్ల జబ్బుకు చికిత్స చేయించుకోవడం వంటివి వాపు కారణాలనే తగ్గిస్తాయి. సీఆర్‌పీ పెరిగి ఉంటే అందుకు కారణమేమిటో వైద్యుడు తేల్చిన తర్వాతే మందుల సంగతి.